కుడి చెంప మీద వెలుతురు

లింగంపేట,
మంగళవారం, మధ్యాహ్నం.

మస్కట్‌లో ఉన్న మా ఇంటాయన అభిలాష్ గారికి, లింగంపేట నుంచి నిరోష నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను, అత్తమ్మ, బర్రె, దాని దూడ, మీరు నాకు అప్పజెప్పి పోయిన కెమెరా, అందరం బాగున్నాం. అక్కడ మీరూ, మీ గదిలో ఉండే తొమ్మిది మందీ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో మిమ్మల్ని నువ్వు అనే పిలుస్తాను కదా, కాగితం ముందు కూర్చుంటే మాత్రం చేయి మీరు అనే రాస్తోంది. బడిలో సారు నేర్పిన ఉత్తరం అట్లా పట్టుకుంది, ఏం చేయను. నవ్వుకోండి.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని అనుకుంటారేమో. మొదలుపెట్టింది మీరే. ఫ్లాష్ ఎక్కడ పెట్టాలో ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకు ఎక్కడం లేదని, నాలుగు కాగితాల నిండా బొమ్మలు గీసి బీర్కూర్ రాజేశం అన్న చేతికిచ్చి పంపారు. ఆ అన్నకు సెలవు అయిపోయింది, గురువారం మళ్ళీ బయలుదేరుతున్నాడు. ఆయనతోనే ఈ ఉత్తరం, పోయిన ఎండాకాలం పెట్టిన మామిడికాయ తొక్కు, ఒక అట్ట కవరు పంపుతున్నాను. కవరు మాత్రం ఉత్తరమంతా చదివిన తర్వాతే తెరవండి. ఫోన్లో చెప్పలేని మాటలు కొన్ని ఉన్నాయి. చెప్పబోతే మీ పక్కన తొమ్మిది మంది వింటూ ఉంటారు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. యాసంగి నాట్లు అయిపోయాయి, బోరు ఇంకా మొండికేయలేదు. దూడ మగది. ఎల్లారెడ్డిలో మన స్టూడియో షట్టరు పట్టేస్తోందని చెప్పాను కదా, దేవన్న వచ్చి గ్రీజు పెట్టి పోయాడు, ఇప్పుడు ఒంటి చేత్తో లేపుతున్నాను. అక్కడే బస్టాండు దగ్గర గాజు తలుపుల స్టూడియో ఒకటి కొత్తగా తెరిచారు. కాలేజీ పిల్లలంతా అక్కడికే పోతున్నారు. మీరు దిగులుపడకండి, ముసలివాళ్ళు నా దగ్గరికే వస్తారు. ఆ గాజు తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో తెలియక రెండుసార్లు నుదురు కొట్టుకున్నానని పోచయ్య తాత చెప్పాడు. దసరాకు మీరు పంపిన ఫ్లాష్ బాగానే పనిచేస్తోంది. దాని గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది.

ఇక మీ పెద్ద ప్రశ్న. "అవ్వవి రెండు ఫోటోలు పంపినవు. రెండిట్ల మైనం బొమ్మ లెక్క ఉన్నది. ముడత లేదు, చెమట లేదు. వీడియో చేస్తే రాదు, గొంతు తప్ప మనిషి కనవడదు. నాలుగు నెలలైంది అవ్వ మొకం సూసి. ఒక్కటంటే ఒక్క ఫోటో, బయట వెలుతుర్ల, అవ్వను అవ్వ లెక్క తీసి పంపు" అని రాశారు. ఆ నాలుగు వరుసలు ఎన్నిసార్లు చదివానో ఆ కాగితం మడతలు చూస్తే తెలుస్తుంది. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క ఫోటో గురించే. మీ అవ్వ, నా అత్తమ్మ, కెమెరా ముందు కూర్చోనంది. ఎందుకు కూర్చోనందో, చివరికి కూర్చుందో లేదో వరుసగా చెబుతాను. నేను వంకర మనిషినని మీకు తెలుసు, కష్టమైన మాట చివర్లోనే చెబుతాను. ఓపిక పట్టండి.

మన ఊళ్ళో బీడీలు చేసే ఆడవాళ్ళ సంఘం ఉంది కదా, రాజమణి అక్క దానికి పెద్ద. నలభై ఏళ్ళకు మించి బీడీలు చేసిన పన్నెండు మందికి ఈ నెలలో సన్మానం పెట్టుకున్నారు. వాళ్ళ ఫోటోలు పెద్దగా తీయించి సంఘం గదిలో గోడకు వరుసగా పెట్టాలని అనుకున్నారు. "స్టూడియోల కుర్సీల మీద వద్దు నిరోషా. వాళ్ళు కూసుండే జాగలనే తియ్యాలె. వాకిట్ల, చాట ఒళ్ళె వెట్టుకొని" అని రాజమణి అక్క నాకు పని అప్పజెప్పింది. జాబితాలో నాలుగో పేరు దేవవ్వ, అంటే అత్తమ్మ. పేరు చదివి వినిపిస్తే ఆమె చేతిలో ఆకు దించకుండానే, "పదకొండు మందిని తియ్యి. నా జాగ ఖాళీ వెట్టుండ్రి" అంది. కొంగు చెంప దాకా లాక్కుని మళ్ళీ పనిలో పడింది.

ముందురోజు సాయంత్రం ఇంటింటికీ పోయి, మొహాలు కడుక్కుని మంచిగా తయారై ఉండండని చెప్పి వచ్చాను. అదే నేను చేసిన మొదటి తప్పు. మంచిగా తయారవడమంటే మన అవ్వలకు ఏమిటో నేను మరిచిపోయాను. తలకు కొబ్బరినూనె పెట్టుకుని, అరచేతుల్లో మిగిలింది మొహానికి రాసుకుని, దాని మీద పసుపు అద్దుకుని కూర్చున్నారు. నర్సవ్వ అయితే నుదుటి నుంచి మెడ దాకా పూసుకుంది. ఇంత నూనె ఎందుకవ్వా అంటే, "సన్మానం అంటే పండుగనే గదనే. మొకానికి నూనె లేకుంటే కళ ఎట్ల వస్తది?" అంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. ఆమెతో వాదించడం నా వల్ల ఏమవుతుంది.

పైగా నడిమధ్యాహ్నం. అందరి తలల మీదా కొంగు, కొంగు నీడలో కళ్ళు కనబడడం లేదు. కళ్ళు కనబడాలని ఫ్లాష్ కెమెరా మీదే బిగించి ఎదురుగా నిలబడి కొట్టాను. వాకిట్లో ఎండకు కెమెరా వెనక చిన్న తెరలో ఏమీ తెలియలేదు. స్టూడియోకు పోయి కంప్యూటర్లో చూశాను. నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం తళతళ. పదకొండు ఇత్తడి చెంబులు తోమి వరసగా బోర్లించినట్టున్నారు. మనుషులు కనబడడం లేదు, మెరుపు కనబడుతోంది.

మీరు నేర్పిన విద్య ఒకటుంది కదా, కంప్యూటర్లో మొహం తుడవడం. రోజంతా కూర్చుని పదకొండు మొహాలూ తుడిచాను. మెరుపుతో పాటు ముడతలూ పోయాయి, మచ్చలూ పోయాయి. కామారెడ్డి ల్యాబులో నమూనాకు చిన్నవి వేయించి సంఘానికి తీసుకుపోయాను. నర్సవ్వ తన ఫోటోను దగ్గరగా చూసింది, దూరంగా చూసింది, చివరికి పక్కామెను అడిగింది. "ఇది ఎవల బిడ్డ?"

అందరూ నవ్వారు, నేను తప్ప. నర్సవ్వకు మాత్రం నిజంగానే కోపం వచ్చింది. "నా ముడతలన్ని ఎటువోయినయే? నలభై ఏండ్లు వంగి కూసుంటె వచ్చినయ్ గవి. నిన్నెవలు తియ్యుమన్నరు?" అంది. రాజమణి అక్క నన్ను పక్కకు పిలిచి, "తిరిగి తియ్యి నిరోషా. గీ ఫోటోలు గోడకు వెడితే వాళ్ళ మనుమలే గుర్తువట్టరు" అంది. గాజు తలుపుల స్టూడియోకు ఇస్తామని అనలేదు. అనకపోయినా నాకు వినబడింది.

అప్పుడు మీ బొమ్మలు తీశాను. ఫ్లాష్ కెమెరా మీద నుంచి దించి పక్కన పెట్టాలని గీశారు కదా. మన ఇంటి వాకిట్లో కుర్చీ మీద గుమ్మడికాయ పెట్టి, దానికి కొబ్బరినూనె రాసి, అటు తిరిగి ఇటు తిరిగి కొట్టి చూశాను. పక్కన పెడితే మెరుపు తగ్గింది కానీ ఒకవైపే వెలుగు పడి రెండోవైపు నల్లబడింది. పౌడరు అద్ది చూశాను, పిండి గిర్నీలోంచి తీసినట్టు తెల్లగా వచ్చింది. అత్తమ్మ అరుగు మీద బీడీలు చేస్తూ అంతా చూస్తోంది. "గుమ్మడికాయకు ఫోటోలెందుకే? దానికేమన్న సంబంధం వచ్చిందా?" అంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. సంగతంతా చెప్పాను.

ఆమె చాటలోంచి ఒక తునికాకు తీసింది. రాత్రంతా నానబెట్టిన ఆకు, తడి ఆరలేదు. "ఇట్ల రా. ఈడ కూసో" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆకును ఎండకు ఎదురుగా పట్టింది. "ఏం కనవడుతున్నది?"

"మెరుస్తుంది" అన్నాను.

"నరం కనవడుతున్నదా? బొక్క కనవడుతున్నదా?"

లేదు. తెల్లటి మెరుపు తప్ప ఇంకేమీ లేదు. ఆమె బొటనవేలు కదిపి ఆకును అంగుళమంత పక్కకు మలిపింది. మెరుపు జారిపోయింది. ఆకు మీద సన్నటి నరాలన్నీ, అంచున పురుగు కొట్టిన చిన్న బొక్కతో సహా తేటగా కనబడ్డాయి.

"బొక్క ఆకును వట్టుకుపోతే కార్ఖానల బీడీ కట్టలు వాపస్ ఇస్తరు. గందుకే చూసి కత్తిరించాలె. ఆకు తడిగున్నదని ఎండను తిడ్తమా? ముందుగాల బట్టతోని తడి అద్దాలె, రుద్దొద్దు. ఎన్క పక్కకు మలుపాలె. ఎండ ఎక్కువుంటె నీడకు జరగాలె. నీ లైటుకు గూడ గంతే అయ్యుంటది" అంది. కళ్ళు తిప్పకుండా ఇంకో బీడీ చుట్టి దారం బిగించింది.

మీరు నాలుగు కాగితాల్లో గీసింది ఆమె ఒక్క ఆకుతో చెప్పింది. మిమ్మల్ని తక్కువ చేయడం లేదు, మీరు ఆమె కొడుకే కదా. కానీ నిజం చెప్పాలి, ఆ క్షణంలో నాకు అత్తమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. బడి మొహం చూడని మనిషి. వెలుతురు దేని మీద పడితే ఎటు పోతుందో ఆమె వేళ్ళకు తెలుసు. నేను మూడేళ్ళ నుంచి ఆ అరుగు పక్క నుంచే స్టూడియోకు పోతున్నాను, ఒక్కరోజు ఆగి చూడలేదు.

ఇక ఆమె ఊరుకోలేదు. నవారు విప్పి పడేసిన పాత మంచం ఒకటి కొట్టంలో ఉంది కదా, దాన్ని నిలబెట్టించి తెల్ల దుప్పటి గట్టిగా కట్టించింది. ఫ్లాష్‌ను దాని వెనక పెట్టి కొట్టాను. చిన్న ఫ్లాష్ వెలుతురు దుప్పటి నిండా పరుచుకుని మెత్తగా వచ్చింది. గుమ్మడికాయ మీద చారలు కూడా లెక్కపెట్టేటట్టు పడ్డాయి. "సూసినవా, గుమ్మడికాయ సుత సక్కగుంటది" అంది అత్తమ్మ.

మరునాడు పదకొండు మందినీ మళ్ళీ తీశాం. తీశాం అని ఎందుకంటున్నానంటే సగం పని ఆమెదే. పొద్దున తొమ్మిదింటికే మొదలుపెట్టాం. నడివాకిట్లో కాదు, గోడ నీడలో. అత్తమ్మ ఆరిన నూలుబట్ట పట్టుకుని ఒక్కొక్కరి మొహం అద్దింది. నూనె కాస్త తీసింది, మొత్తం తీయలేదు. "కొంచెం ఉండనియ్యి, పాణమున్న మొకమని తెల్వాలె" అంది. గడ్డం పట్టుకుని ఆకును మలిపినట్టే మొహాలు మలిపింది. నేను కెమెరాలో చూస్తూ మెరుపు పోగానే చేయి ఊపేదాన్ని, ఆమె ఆపేది. నర్సవ్వను కూడా నోరెత్తనీయలేదు. కంప్యూటర్లో నేను తుడిచిందేమీ లేదు. నమూనా చూపిస్తే నర్సవ్వ చాలాసేపు చూసి, "గిది నేనే. గీ మొకాన్నే రోజు అద్దంల సూసి తిడ్త" అంది. దాన్ని కొంగులో చుట్టుకుని పోయింది, మళ్ళీ ఇవ్వలేదు.

ఇంతవరకు చదివి మీకు సంతోషమే అయి ఉంటుంది. ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నిలబడి చదువుతుంటే కూర్చోండి.

దసరాకు మూడు రోజుల ముందు మీరు పంపిన ఫ్లాష్ నా చేతికొచ్చింది. సాయంత్రం అత్తమ్మ వాకిట్లో పొయ్యి మీద గారెలు చేస్తోంది. మంట వెలుతురులో ఆమె ఎంత బాగుందో, మీకు ఫోటో తీసి పంపుదామని, కొత్త ఫ్లాష్ పరీక్షించినట్టు ఉంటుందని దగ్గరగా పోయాను. తీస్తున్నానని చెప్పలేదు. చెబితే కొంగు సర్దుకుంటుందని, సహజంగా రావాలని చెప్పలేదు. మొహానికి మూరెడు దూరంలో కొట్టాను. ఆమె ఉలిక్కిపడింది. చేతిలో జాలిగంటె కడాయి అంచుకు తగిలి కడాయి ఒరిగింది. కాగే నూనె ఆమె కుడి చెంప మీద, మెడ మీద, భుజం మీద పడింది.

అది పొయ్యి చేసింది కాదు. నేను చేసింది.

కామారెడ్డిలో దవాఖానలో ఆరు రోజులు ఉన్నాం. అత్తమ్మ బాన్సువాడలో చుట్టాలింటికి పోయిందని, ఫోన్ ఇంట్లోనే మరిచిపోయిందని మీకు చెప్పింది ఆ ఆరు రోజులే. కన్నుకు ఏమీ కాలేదు, దేవుడి దయ. చెంప ఎముక నుంచి దవడ దాకా పాత తోలు పోయి కొత్తది వచ్చింది. ఆ కొత్త తోలు గులాబి రంగులో, నున్నగా ఉంటుంది. ఇప్పుడు నొప్పి లేదు, తింటోంది, నవ్వుతోంది, రోజుకు వెయ్యి బీడీలు చేస్తోంది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

దవాఖానలో నర్సు ఎట్లా కాలిందని అడిగితే నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "పిండిల నీళ్ళు ఎక్కువైనయ్ బిడ్డా, నూనె చిట్లింది" అంది. మరునాడు చూడ్డానికి వచ్చినవాళ్ళకూ అదే చెప్పింది. ఊళ్ళో ఈ రోజుకూ అందరికీ తెలిసింది అదే. మీకు మాత్రం ఆ మాట కూడా చేరకుండా ప్రతి ఒక్కరితో ఒట్టు వేయించుకుంది. బస్సులో ఇంటికి వస్తూ, మొహానికి కట్టుతో, నాతో అంది. "వానికి చెప్పకు. చెప్తే కొలువు ఇడిసిపెట్టి వస్తడు. వచ్చినంక, కోపంల నిన్నొక మాట అంటడు. నా చెంప మానుతది. ఆ మాట మీ ఇద్దరి నడుమ మానది."

కాలిన మనిషి, కాల్చినదాని కాపురం గురించి ఆలోచించింది. నా కన్నతల్లి ఉన్నా ఇట్లా ఆలోచించేదో లేదో నాకు తెలియదు. మీ అవ్వ వంటి మనిషిని నేను చూడలేదు. ఈ మాట ఆమె ముందు అంటే "పోవే" అంటుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీకు పంపిన రెండు ఫోటోలూ ఆ తర్వాత తీసినవే. చెంప మీద మెరుపు ఉందని తుడుస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. నేను తుడిచింది మెరుపును కాదు, మచ్చను. అత్తమ్మ ఎడమవైపు నుంచి తియ్యుమంది. ఆ మాట కూడా నేను వినలేదు. ఎదురుగా తీసి, కంప్యూటర్లో రెండు చెంపలూ ఒకే తీరుగా చేసి పంపాను. అందుకే మీకు మైనం బొమ్మలా కనబడింది. ఏడు సముద్రాల అవతలి నుంచి కూడా మీ కన్ను పట్టేసింది.

పోయిన శనివారం అవ్వల ఫోటోలు చూస్తానని అత్తమ్మ నాతో ఎల్లారెడ్డికి బస్సులో వచ్చింది. స్టూడియోలో ఒక్కొక్క ఫోటో జరుపుతూ చూపిస్తుంటే, నా చేయి తప్పి ఆ రెండు ఫోటోలు కూడా తెర మీదికి వచ్చాయి. ఆమె కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. వేలితో తెర మీద ఆ చెంపను తాకింది. తర్వాత కొంగు కింద తన చెంపను తాకింది.

"ఎవలిది గీ మొకం?"

నేను ఫోటోను పక్కకు జరపబోయాను.

"నాకు సిగ్గు గాదే బిడ్డా" అంది మెల్లగా. "వాడు బాధవడ్తడని దాగిన. నీకేంది గింత సిగ్గు? నా చెంపను సూసినప్పుడల్లా నిన్ను నువ్వే తిట్టుకుంటున్నవా ఇన్ని దినాలసంది?"

అప్పుడు ఏడ్చాను. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె ముందు ఏడ్చాను. ఆమె ఏడవద్దని అనలేదు. కూలర్లోంచి నీళ్ళు పట్టి ఇచ్చింది, షట్టరు సగం దించి వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపటికి, "రేపు పొద్దుగాల మంచానికి దుప్పటి కట్టు" అంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గోడ నీడలో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొహం తనే అద్దుకుంది. కొంగు తలకే ఉంచి చెంప మీద నుంచి తీసేసింది. ఎడమవైపు తిప్పమంటావా అని అడిగాను. "వాడు అవ్వను అవ్వ లెక్క తియ్యుమన్నడు గద" అని కుడి చెంపను వెలుతురు వైపే మలిపింది. కాలిన తోలు మామూలు తోలు కంటే ఎక్కువ మెరుస్తుంది, దాన్ని తీయడం అన్నిటికంటే కష్టం. దుప్పటిని ఇంకా దగ్గరికి జరిపాను, ఫ్లాష్ తగ్గించాను, నేను రెండడుగులు పక్కకు పోయాను. మెరుపు జారిపోయింది. ఆ చెంప మామూలు చెంప అయింది, కథ ఉన్న చెంప.

కానీ బటన్ నొక్కలేకపోయాను. ఆ సాయంత్రం తర్వాత ఆమె మీద నేను ఫ్లాష్ కొట్టలేదు, ఆ రెండు ఫోటోలూ ఎండ వెలుతురులో తీసినవే. కెమెరాలోంచి చూస్తే ఆమె సూటిగా నా వైపే చూస్తోంది.

"కొట్టు" అంది. "నేను రెప్ప గొట్ట."

కొట్టాను. ఆమె రెప్ప కొట్టలేదు.

నిన్న కామారెడ్డి పోయి దాన్ని పెద్దగా వేయించాను. ఒకటి సంఘం గోడకు, నాలుగో జాగలో. ఒకటి మీకు, ఆ అట్ట కవరులో. దానిలో నేను దేన్నీ తుడవలేదు. ఈ ఉత్తరం రాస్తానంటే అత్తమ్మ, "కాలిన సంగతి రాయి. లైటు సంగతి నీ ఇష్టం, నేనైతే రాయుమనను" అంది. ఆమె నాలుగు నెలలు మోసింది చాలు. అందుకే రాశాను. మీరు నన్ను ఏమన్నా నాకు కోపం లేదు, అనాల్సింది ఉంటే అనండి. ఆ మాట మానదని ఆమె భయం. మానుతుందని నాకు నమ్మకం ఉందని చెప్పలేను, కానీ మీకు తెలియకుండా మీతో కాపురం చేయడం ఇంక నా వల్ల కాదు.

ఆమె మిమ్మల్ని ఒకటి అడగమంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "శుక్రారం వానికి ఛుట్టీ గద. ఫోటో సూసినంక వీడియో చెయ్యుమను. ఈసారి నేనే ఎత్తుత."

శుక్రవారం ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది. నేను అదే గదిలో, తలుపు పక్కన కూర్చుని ఉంటాను. నాతో మాట్లాడాలనిపిస్తే ఆమెను అడగండి, ఇస్తుంది.

ఇట్లు,
మీ అవ్వకు కోడలు,
మీ ఇంటిది,
నిరోష.